సింగిల్ మోడ్ ఫైబర్ అలైన్‌మెంట్ నిలబడటం లేదు, నానోమీటర్ స్టేజి కొనాలా?

కొనకండి. ఈ సమస్యకైతే అసలే వద్దు.

మీరు అడిగినదాన్ని ముందు ఒకసారి నా మాటల్లో పెడతాను, ఎందుకంటే సగం జవాబు మీ అంకెల్లోనే ఉంది. 1550 నానోమీటర్ల లేజర్, రెండు మామూలు జీ.652 ఫైబర్లు (టెలికాంలో వాడే సాధారణ సింగిల్ మోడ్ రకం), కొసలు నిటారుగా క్లీవ్ చేసి, అంటే చదునుగా విరగ్గొట్టి, ఎదురెదురుగా పెట్టారు. మధ్యలో తర్వాత పల్చటి ఫిల్టర్ ముక్క దూర్చాలి కాబట్టి స్ప్లైస్ చేసే, అంటే కరిగించి అతికే, వీల్లేదు, దాదాపు 40 మైక్రాన్ల గాలి గ్యాప్ వదిలారు. ఫైబర్‌ని కదిపేది చేత్తో తిప్పే మూడు యాక్సిస్‌ల మైక్రోమీటర్ స్టేజి. ఎంత తిప్పినా వెలుగు నష్టం 0.6 డీబీ (డెసిబెల్) కంటే తగ్గడం లేదు, అది కూడా పది నిమిషాల్లో మెల్లగా 1.3కి జారిపోతోంది, తీరా యూవీ జిగురు పెట్టి గట్టిపరిచాక ఇంకో డీబీ పోతోంది. స్టేజి రిజల్యూషన్ చాలడం లేదేమో, వోల్టేజితో నానోమీటర్ల లెక్కన కదిలే పీజో స్టేజి తీసుకుంటే బాగుపడుతుందా అని మీ ప్రశ్న.

ఇక్కడున్నది ఒక సమస్య కాదండీ, మూడు. పైగా మూడింట్లో ఒక్కటి కూడా రిజల్యూషన్ వల్ల వచ్చింది కాదు.

ముందు ఆ 0.6 సంగతి చూద్దాం. సింగిల్ మోడ్ ఫైబర్ మధ్యలో వెలుగు నడిచే కోర్ వ్యాసం 8 మైక్రాన్ల పైచిలుకు, కానీ వెలుగు కోర్ గోడ దగ్గర ఆగదు, చుట్టూ ఉన్న గాజు పొర, అంటే క్లాడింగ్‌లోకి కూడా కాస్త పరుచుకుంటుంది. అందుకే అలైన్‌మెంట్ లెక్క కోర్ వ్యాసంతో కాకుండా ఆ పరుచుకున్న వెలుగు మచ్చ వ్యాసంతో, అంటే మోడ్ ఫీల్డ్ వ్యాసంతో వేయాలి, అది 1550 దగ్గర సుమారు 10.4 మైక్రాన్లు, అంటే వ్యాసార్థం 5.2. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన డీట్రిష్ మార్కూజే 1977లో స్ప్లైస్ నష్టాల మీద ప్రచురించిన లెక్కే ఇప్పటికీ అందరూ వాడతారు, పెద్ద కష్టమైనదేం కాదు. ఫైబర్ పక్కకి ఎంత జరిగిందో ఆ దూరాన్ని 5.2తో భాగించి, వర్గం చేసి, 4.34తో గుణించండి, డీబీల్లో నష్టం వచ్చేస్తుంది. 1 మైక్రాన్ జరిగితే 0.16 డీబీ, 2 జరిగితే 0.64, 3 జరిగితే 1.44. గాలిలో రెండు ఫైబర్ల మధ్య 1 డిగ్రీ టిల్ట్ (కోణం తేడా) ఉంటే దాదాపు 0.15 డీబీ. గ్యాప్ మాత్రం చాలా ఓర్చుకుంటుంది, 10 మైక్రాన్ల గ్యాప్‌కి పోయేది 0.04 డీబీ కూడా ఉండదు, 20కి 0.14, మీరు వదిలిన 40కి మాత్రం 0.54.

చూశారా, పక్క అలైన్‌మెంట్, టిల్ట్ రెండూ అచ్చంగా సరిగ్గా ఉన్నా, కేవలం ఆ గ్యాప్ వల్లే అర డీబీ పైన పోవాలి. దాని మీద గాజు, గాలి కలిసే రెండు ముఖాల దగ్గర ఒక్కోచోట 3.5 శాతం చొప్పున వెనక్కి ప్రతిఫలిస్తుంది, అది సగటున ఇంకో 0.3. మొత్తం కలిపితే 0.85 డీబీ రావాలి. మీకు 0.6 వచ్చిందంటే ఉండాల్సినదానికంటే బాగా వచ్చినట్టు! అంటే మీ పాత స్టేజి తన పని తాను పూర్తిగా చేసేసింది, నానోమీటర్ స్టేజి తెచ్చినా అంతకుమించి ఒక్క చుక్క కూడా ఇవ్వలేదు.

మరి 0.85 రావాల్సిన చోట 0.6 ఎలా వచ్చింది? మీ రెండో సమస్య, అంటే జారిపోవడం, చాలావరకు ఇందులోనే దాగుంది. నిటారుగా క్లీవ్ చేసిన రెండు ముఖాలు ఎదురెదురుగా ఉంటే ఆ గ్యాప్ చిన్న ఫాబ్రీ పెరో కుహరం అయిపోతుంది. వెలుగులో కొంత ముందుకీ వెనక్కీ కొట్టుకుని మళ్లీ అసలు వెలుగుతో కలుస్తుంది, గ్యాప్‌ని బట్టి ఒకచోట కలిసొస్తుంది, ఇంకోచోట కొట్టేస్తుంది. గ్యాప్ బాగా చిన్నగా ఉన్నప్పుడు ఈ హెచ్చుతగ్గుల తేడా 0.6 డీబీ దాకా ఉంటుంది, 40 మైక్రాన్ల దగ్గర కిరణం కాస్త విచ్చుకుంటుంది కాబట్టి తగ్గి, అర డీబీకి కాస్త లోపు. ఒక పీక్ నుంచి తర్వాతి పీక్‌కి గ్యాప్‌లో తేడా తరంగదైర్ఘ్యంలో సగం, అంటే 0.775 మైక్రాన్లు. పీక్ నుంచి లోయకి 0.39 మైక్రాన్లు, అంతే. మీరు మూడు నాబ్‌లూ తిప్పుతూ తెలియకుండానే ఆ పీక్ మీద ఆగారు. అక్కడి నుంచి గ్యాప్ అర మైక్రాన్ కూడా మారనక్కర్లేదు, రీడింగ్ 1.1 దగ్గరికి వెళ్లిపోతుంది. మీరు చూస్తున్న 1.3లో మిగిలిన 0.2కి పక్కకి ఒక మైక్రాన్ పైచిలుకు జరిగితే సరిపోతుంది. లెక్క కుదిరిందా?

ఇది నిజమో కాదో తేల్చుకోవడానికి ఏమీ కొనక్కర్లేదు. ఫైబర్‌ని పక్కకీ, పైకీ కిందికీ జరిపే X, Y నాబ్‌లు ముట్టుకోకుండా గ్యాప్ మార్చే Z మాత్రం చాలా మెల్లగా తిప్పండి, మొత్తం రెండు మూడు మైక్రాన్లకి మించకుండా. రీడింగ్ ఒకే దిక్కుకి పోకుండా పెరిగి, తగ్గి, మళ్లీ పెరిగితే అది ఫాబ్రీ పెరోనే. మామూలు మైక్రోమీటర్ స్క్రూ మీద ఒక గీత 10 మైక్రాన్లు కాబట్టి గీతలో పావు వంతు కూడా తిప్పరు మీరు, వేలితో నాబ్ అంచుని ఊరికే నెడితే చాలు. ఇంకో దారి, లేజర్‌ని ట్యూన్ చేసే వీలుంటే గ్యాప్ కదపకుండా తరంగదైర్ఘ్యాన్ని మార్చి చూడండి, 40 మైక్రాన్ల గ్యాప్‌కి పీక్‌ల మధ్య దూరం దాదాపు 30 నానోమీటర్లు వస్తుంది. అసలు అలైన్‌మెంట్ పనికి లేజర్ బదులు 40 నానోమీటర్ల వెడల్పున్న బ్రాడ్‌బ్యాండ్ సోర్స్ పెట్టుకుంటే ఈ గోల చాలావరకు పోతుంది, దాని కోహెరెన్స్ పొడవు, అంటే వెనకబడిన వెలుగు అసలు వెలుగుతో కలిసి హెచ్చుతగ్గులు చేయగలిగే దూరం, 60 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, మీ గ్యాప్‌లో వెలుగు అదనంగా తిరిగే దూరం 80. గ్యాప్ 10 మైక్రాన్లే అయితే మాత్రం ఆ సోర్స్ కూడా కాపాడదు, గుర్తుపెట్టుకోండి.

అసలు మందు మాత్రం ఇండెక్స్ మ్యాచింగ్ జెల్. గాజుకి దగ్గరి వక్రీభవన గుణకం ఉన్న జెల్ గ్యాప్‌లో నిండితే ప్రతిఫలనం దాదాపు మాయం, ఆ 0.3 డీబీ తిరిగొస్తుంది, హెచ్చుతగ్గులు పోతాయి, పైగా జెల్‌లో కిరణం తక్కువగా విచ్చుకుంటుంది కాబట్టి 40 మైక్రాన్ల గ్యాప్ నష్టం 0.54 నుంచి 0.26కి దిగుతుంది. క్లీవ్ కాస్త వంకరగా ఉన్నా జెల్‌లో లెక్కలోకి రాదు. ఒక్కటే, టిల్ట్‌కి ఓర్పు తగ్గుతుంది, గాలిలో 1 డిగ్రీకి 0.15 పోయేది జెల్‌లో 0.31 పోతుంది. ఇంకో జాగ్రత్త, మీ ఫిల్టర్‌ని గాలి కోసం డిజైన్ చేశారో, జిగురులో మునిగి ఉండేలా చేశారో ముందు అమ్మినవాళ్లని అడగండి. గాలి కోసం చేసినదాన్ని జెల్‌లో పెడితే దాని పాస్ బ్యాండ్ (అది దాటనిచ్చే తరంగదైర్ఘ్యాల పట్టీ) పక్కకి జరిగిపోవచ్చు.

జెల్ కుదరకపోతే 8 డిగ్రీల కోణంలో పాలిష్ చేసిన ముఖాలు వాడాలి, ఏపీసీ కనెక్టర్లలో ఉన్నట్టు. దాంట్లో చాలామందిని తికమక పెట్టే విషయం ఒకటుంది. కోణం ఉన్న ముఖం నుంచి వెలుగు ఫైబర్ వెంట నేరుగా రాదు, గాలిలోకి వచ్చేటప్పుడు 3.6 డిగ్రీలు పక్కకి వంగుతుంది. రెండు కోణపు ముఖాలూ సమాంతరంగా ఎదురెదురుగా ఉంటే ఫైబర్లు కూడా సమాంతరంగానే ఉంటాయి, కానీ ఒకే గీత మీద ఉండవు. 40 మైక్రాన్ల గ్యాప్‌కి ఒకదానికొకటి 2.5 మైక్రాన్లు పక్కకి ఉండాలి, 100కి 6.4. అందుకే ఏపీసీతో Z ముందుకు జరిపిన ప్రతిసారీ X గానీ Y గానీ పీక్ చెదిరిపోతుంది. స్టేజి వంకరగా ఉందని కంగారు పడొద్దు, అది అలాగే ఉండాలి.

ఇక మిగిలిన జారుడు. గ్యాప్‌గానీ, పక్కకి గానీ, అర మైక్రాన్, మైక్రాన్ ఎందుకు కదులుతోంది? మీరు ఫైబర్‌ని కోటింగ్ మీద క్లాంప్ చేశారని రాశారు. నా అనుమానం మొదట దాని మీదే. 125 మైక్రాన్ల గాజు చుట్టూ కోటింగ్‌తో కలిపి 250 మైక్రాన్ల దాకా ఉంటుంది, అందులో లోపలి పొర కావాలనే మెత్తగా చేస్తారు, ఫైబర్ మీద ఒత్తిడి పడకుండా. మీరు క్లాంప్ బిగించగానే ఆ మెత్తటి పొర నొక్కుకుంటుంది, తర్వాత నిమిషాల తరబడి, ఒక్కోసారి గంటల తరబడి మెల్లగా సర్దుకుంటూనే ఉంటుంది, లోపలి గాజు దానితో పాటు కదులుతుంది. మీరు పీక్ పట్టినా అది పట్టిన నిమిషం నుంచే జారడం మొదలవుతుంది. కోటింగ్ తీసేసిన గాజు భాగాన్నే శుభ్రంగా తుడిచిన వీ గ్రూవ్‌లో, అంటే V ఆకారపు గాడిలో పెట్టి పైన తేలిగ్గా నొక్కండి. కోటింగ్ ఉన్న భాగాన్ని వెనకాల వేరే చోట టేపుతోనో రెండో క్లాంప్‌తోనో పట్టి ఉంచండి, అది తోక లాగకుండా ఉండటానికి మాత్రమే. ఆ తోకని కూడా వదులుగా ఒక లూప్ తిప్పి బల్లకి అంటించండి. కింద వేలాడే ఫైబర్ ఏసీ గాలికి ఊగితే ఆ కదలిక క్లాంప్ దాటి కొసకి చేరుతుంది.

అలాగే గ్రూవ్ నుంచి ఎంత ఫైబర్ బయటికి పొడుచుకొచ్చిందో చూసుకోండి, ఇది చాలామంది పట్టించుకోరు. బయటికొచ్చిన గాజు తన బరువుకే కిందికి వంగుతుంది, ఆ వంపు పొడవుకి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 5 మిల్లీమీటర్లు బయటికుంటే వంపు 0.02 మైక్రాన్లు, 10 అయితే 0.4, 20 అయితే 6 మైక్రాన్లు, 30 అయితే 30 మైక్రాన్ల పైన. అంతకంటే పెద్దది ఫైబర్‌కి పుట్టుకతో ఉండే వంకర, దాన్ని కర్ల్ అంటారు. స్పెసిఫికేషన్‌లో కర్ల్ వ్యాసార్థం 4 మీటర్లకి తగ్గకూడదని ఉంటుంది, సరిగ్గా 4 మీటర్లే ఉన్న ఫైబర్ తీసుకుంటే 10 మిల్లీమీటర్ల దగ్గర కొస 12 మైక్రాన్లు పక్కకి పోతుంది, 5 దగ్గర 3. స్టేజితో దాన్ని సర్దుకోవచ్చు, నిజమే, కానీ పొడుగ్గా వదిలిన కొస ఏ చిన్న కుదుపుకైనా ఊగుతుంది. 10 మిల్లీమీటర్ల కొస సహజ కంపనం 1000 హెర్ట్జ్ దగ్గర ఉంటే 30 మిల్లీమీటర్లది 110 దగ్గరికి పడిపోతుంది, ఫ్యాన్లూ పంపులూ ఉన్న గదిలో ఆ కొస ఊరుకోదు. రెండు మూడు మిల్లీమీటర్లకి మించి వదలకండి.

తర్వాత వేడి. అల్యూమినియం డిగ్రీకి మీటరుకు 23 మైక్రాన్లు వ్యాకోచిస్తుంది. 50 మిల్లీమీటర్ల ఎత్తున్న అల్యూమినియం బ్లాక్ ఒక్క డిగ్రీ వేడెక్కితే 1.15 మైక్రాన్లు పెరుగుతుంది, మీ మొత్తం టాలరెన్స్ అయిపోయింది. ఇక్కడ రెండు వైపులా ఒకేలా పెరిగితే ఫర్వాలేదు, గొడవ తేడాతోనే. ఎడమ పక్క 100 మిల్లీమీటర్ల అల్యూమినియం, కుడి పక్క అదే ఎత్తులో స్టీల్ పోస్ట్ పెడితే డిగ్రీకి దాదాపు ఒక మైక్రాన్ తేడా వచ్చేస్తుంది. అందుకే రెండు వైపులా ఒకే లోహం, ఒకే ఎత్తు, వీలైనంత పొట్టిగా. చేతులు కూడా వేడి వస్తువులే, నాబ్ పట్టుకుని అయిదు నిమిషాలు ఆడిస్తే స్టేజి ఒక పక్క మాత్రమే వేడెక్కుతుంది, మీరు చెయ్యి తీయగానే చల్లబడుతూ జారుతుంది. "పట్టుకున్నంతసేపు బాగానే ఉంది, వదిలేస్తే పోతోంది" అని చాలామంది చెప్పేది ఇదే. ప్లాస్టిక్ పిడి ఉన్న అలెన్ కీతోనో, ప్లాస్టిక్ నాబ్‌తోనో తిప్పండి, మొత్తం సెటప్ మీద ఒక అట్టపెట్టె బోర్లించండి, ఏసీ గాలి నేరుగా తగలకుండా. ఆ అట్టపెట్టె మీరు అడిగిన స్టేజి కంటే ఎక్కువ పని చేస్తుంది, నమ్మండి.

ఇవన్నీ చేసే ముందు లేజర్‌ని కూడా ఒకసారి అనుమానించండి. ఫైబర్‌ని నేరుగా పవర్ మీటర్‌కి పెట్టి అరగంట రాసుకోండి, అక్కడే 0.1 డీబీ ఊగుతుంటే అలైన్‌మెంట్ రీడింగ్ మీద నమ్మకం ఎక్కడుంటుంది? వీలుంటే వెలుగులో కొంచెం పక్కకి తీసే చిన్న ట్యాప్ కప్లర్ పెట్టి సోర్స్ పవర్‌ని పక్కనే చూస్తూ ఉంటే మంచిది, జారింది లేజరో ఫైబరో అక్కడికక్కడే తేలిపోతుంది.

ఇప్పుడు పీక్ ఎలా పట్టాలో చెప్తాను, ఎందుకంటే మీరు రాసిన పద్ధతి, అంటే రీడింగ్ గరిష్ఠం అయ్యేదాకా తిప్పి అక్కడ ఆపడం, చూడ్డానికి సరైనదే కానీ చాలా బలహీనమైనది. పీక్ పైభాగం చదునుగా ఉంటుంది. 0.1 మైక్రాన్ పక్కకి జరిగితే పోయేది 0.0016 డీబీ, ఏ మామూలు మీటరూ దాన్ని చూపించదు. మీ రీడింగ్‌లో 0.02 డీబీ అల్లాడుతోంది అనుకుంటే, పీక్ మీద నిలబడి వెతికినప్పుడు అటూ ఇటూ 0.35 మైక్రాన్లలో ఎక్కడున్నారో మీకు తెలిసే దారే లేదు. అదే పక్క వాలు మీదికి దిగండి. పీక్ నుంచి సరిగ్గా 1 డీబీ పడేదాకా ఒక వైపు వెళ్లి స్క్రూ రీడింగ్ రాసుకోండి, పీక్ దాటి రెండో వైపు కూడా 1 డీబీ పడేదాకా వెళ్లి రాసుకోండి, రెండింటికీ మధ్య బిందువే అసలు పీక్. ఆ వాలు మీద మైక్రాన్‌కి 0.8 డీబీ మారుతుంది కాబట్టి అదే 0.02 అల్లాట ఇప్పుడు 0.025 మైక్రాన్లకి సమానం. పది రెట్ల పైన మెరుగు, ఏమీ కొనకుండా! ఆ 1 డీబీ స్థానాలు రెండూ పీక్‌కి దాదాపు 2.5 మైక్రాన్ల దూరంలో ఉండాలి, మొత్తం వెడల్పు 5 నుంచి 5.5. అంతకంటే బాగా వెడల్పుగా వస్తే మీరు పట్టుకున్నది కోర్ కాకపోవచ్చు, లేదా గ్యాప్ అనుకున్నదానికంటే పెద్దదై ఉండొచ్చు. వాటిని చదవాలంటే స్క్రూ కూడా సన్నగా కదలాలి, అందుకు డిఫరెన్షియల్ మైక్రోమీటర్ హెడ్ ఉంటే చాలు, ఏదైనా కొనాలని గట్టిగా ఉంటే అది కొనండి. బ్యాక్‌లాష్ (దిక్కు మార్చినప్పుడు స్క్రూలో ఉండే వదులు) సంగతి మీకు తెలిసే ఉంటుంది, ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి వచ్చి ఆగాలి, దాటిపోతే బాగా వెనక్కి వెళ్లి మళ్లీ రావాలి, అక్కడికక్కడే వెనక్కి తిప్పి సర్దడం వద్దు.

టిల్ట్ సర్దేటప్పుడు ఓపిక కావాలి. టిల్ట్ స్టేజి తిరిగే కేంద్రం ఫైబర్ కొస దగ్గర ఉండదు, ఎక్కడో వెనకాల ఉంటుంది. అది 30 మిల్లీమీటర్ల వెనక ఉంటే 0.1 డిగ్రీ తిప్పగానే కొస 52 మైక్రాన్లు పక్కకి పోతుంది, వెలుగు మొత్తం మాయం. అందుకే టిల్ట్ తిప్పితే రీడింగ్ పడిపోయిందని "ఈ దిక్కు తప్పు" అనుకోకూడదు. చిన్నగా టిల్ట్ మార్చండి, X, Y మళ్లీ పీక్‌కి తెచ్చుకోండి, అప్పుడు వచ్చిన పీక్‌ని పాత పీక్‌తో పోల్చండి. పీక్‌ని పీక్‌తోనే పోల్చాలి, మధ్యలో రీడింగులు పట్టించుకోవద్దు. ఫైబర్‌కి ఫైబర్ పనిలో అర డిగ్రీ లోపల ఉంటే 0.04 డీబీ కంటే పోదు, మైక్రోస్కోప్ కింద పైనుంచి, పక్కనుంచి చూసి రెండు ఫైబర్ల అంచులు ఒకే గీతలో పెడితే చాలు, దానికోసం సాయంత్రం దాకా కూర్చోనక్కర్లేదు.

మీకు వెలుగు దొరకడం సమస్య కాదు గానీ, ఇదే ప్రశ్నతో వచ్చే మిగతావాళ్ల కోసం రెండు మాటలు. మొదట వెలుగు దొరకనప్పుడు గ్యాప్‌ని 300 మైక్రాన్లకి పెంచండి. పవర్ 9 డీబీ పడిపోతుంది, కానీ పక్క టాలరెన్స్ దాదాపు మూడు రెట్లు పెరుగుతుంది, వెతకడం సులువు. అక్కడ పీక్ పట్టి, గ్యాప్ సగం చేసి, మళ్లీ పట్టి, అలా దగ్గరికి రండి. అందుకునే ఫైబర్ అవతలి కొస నుంచి ఎర్ర లేజర్ పెన్ను వెలుగు పంపితే ఈ కొస ఎక్కడుందో కంటికే కనిపిస్తుంది, స్థూలంగా ఎదురెదురు పెట్టడానికి అది బంగారం. కోర్ దొరికిందని సంబరపడే ముందు ఒక పరీక్ష చేయండి. పదుల మైక్రాన్లు అటూ ఇటూ జరిపినా రీడింగ్ పెద్దగా మారకుండా తక్కువ పవర్ వస్తుంటే అది క్లాడింగ్‌లో పోతున్న వెలుగు. కోర్ అయితే రెండు మూడు మైక్రాన్లకే రీడింగ్ దడేల్‌మని పడుతుంది. అవతల ఫైబర్ పొట్టిగా, కోటింగ్ లేకుండా ఉంటే ఈ మోసం ఎక్కువ. కోటింగ్ ఉన్న ఫైబర్ కొన్ని మీటర్లు ఉంటే క్లాడింగ్ వెలుగు దారిలోనే పోతుంది.

ఇక జిగురు. మీ మూడో సమస్య, నాకు తెలిసి అలైన్‌మెంట్‌లో అన్నింటికంటే కష్టమైన భాగం ఇదే. పీక్ పట్టడం ఎవరైనా నేర్చుకుంటారు, పట్టినదాన్ని జిగురులో నిలబెట్టడం దగ్గరే అసలు పనితనం తెలుస్తుంది. గట్టిపడ్డాక మీకు ఒక డీబీ పోయిందంటే ఫైబర్ రెండున్నర మైక్రాన్లు పక్కకి పోయిందని అర్థం. అది జిగురు ముడుచుకోవడం వల్లే అయ్యుండాలి. గట్టిపడేటప్పుడు ప్రతి ఎపాక్సీ ముడుచుకుంటుంది, 1 శాతమే అనుకున్నా 100 మైక్రాన్ల మందం ఉన్న జిగురు ఒక మైక్రాన్ లాగేస్తుంది, 250 మైక్రాన్ల మందం ఉంటే రెండున్నర. మీరు ఫైబర్ కింద ఒక బొట్టు పెట్టి వదిలేశానన్నారు, ఆ బొట్టు ఎంత మందం ఉందో ఒకసారి మైక్రోస్కోప్‌లో చూడండి, జవాబు అక్కడే కనిపిస్తుంది. మందం తగ్గించండి, 10 మైక్రాన్ల మందం దాదాపు 0.1 మైక్రాన్ కంటే లాగలేదు. దానికోసం ఫైబర్ కింద గాజు పలకని దగ్గరగా తెచ్చి సన్నటి పొర మాత్రమే మిగిలేలా చూసుకోవాలి, పెద్ద బొట్టుతో ఖాళీ నింపే పని పెట్టుకోకూడదు. జిగురు ఫైబర్‌కి రెండు పక్కలా సమానంగా ఉండాలి, ఒక పక్కే ఉంటే అటే లాగుతుంది. యూవీ వెలుగు కూడా రెండు పక్కల నుంచీ ఒకేసారి పడాలి, ఒక పక్కనుంచి పడితే ఆ పక్క ముందు గట్టిపడి ఫైబర్‌ని తన వైపు లాక్కుంటుంది, తర్వాత రెండో పక్క గట్టిపడినా పాత స్థానానికి రాదు.

వరుస కూడా ముఖ్యం. జిగురు పెట్టగానే యూవీ వేయకండి. జిగురు తడి ఫైబర్‌ని తలతన్యతతో కొంచెం లాగుతుంది, కాబట్టి జిగురు పెట్టాక, గట్టిపరిచే ముందు, మళ్లీ వాలు పద్ధతిలో పీక్ సరిచేసుకోవాలి. ఆ తర్వాత యూవీని మొదట చాలా తక్కువ తీవ్రతలో వేయండి, జిగురు గంజిలా చిక్కబడేదాకా, రీడింగ్ చూస్తూనే. అప్పటికింకా సర్దుకునే అవకాశం ఉంటుంది, కదిలితే సరిచేయండి. తర్వాత మెల్లగా తీవ్రత పెంచండి. యూవీ దీపం వేడి కూడా ఇస్తుంది, దీపం ఆపి, చల్లబడేదాకా ఆగి, అప్పుడు వచ్చిన రీడింగే నిజమైనది. ఆఖరున క్లాంప్ విప్పేటప్పుడు ఇంకోసారి రీడింగ్ గెంతుతుందేమో చూడండి. గెంతిందంటే క్లాంప్ ఫైబర్‌ని వంచి పట్టుకుని ఉంచింది, వదలగానే ఆ ఒత్తిడి జిగురు మీద పడింది, అలాంటి జాయింటు ఈ రోజు బాగున్నా వేడి చలి తగిలాక జారుతుంది. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నాక కూడా ప్రతిసారీ ఒకే దిక్కుకి, దాదాపు ఒకే దూరం కదులుతుంటే మాత్రం ఆ దూరం ముందే ఎదురు దిక్కులో ఇచ్చి గట్టిపరచవచ్చు, చాలామంది అలా చేస్తారు. కానీ కదలిక ఒక్కోసారి ఒక్కోలా ఉంటే ఈ చిట్కా పనికిరాదు, ముందు జిగురు మందం, సమానత్వం సరిచేయాలి.

అసలు మీ పనికి స్టేజి మీద జిగురు పెట్టడం కంటే సిలికాన్ వీ గ్రూవ్ వాడమనే చెప్తాను. పొటాషియం హైడ్రాక్సైడ్‌తో సిలికాన్‌ని చెక్కితే గోడలు స్ఫటికం వల్ల దానంతటదే 54.7 డిగ్రీల కోణంలో వస్తాయి, రెండు ఫైబర్లనీ ఒకే గాడిలో ఎదురెదురుగా పెడితే అలైన్‌మెంట్ దాదాపు పుట్టుకతోనే వచ్చేస్తుంది. మిగిలేది ఫైబర్ తేడాలే. క్లాడింగ్ వ్యాసం స్పెసిఫికేషన్ 125కి అటూ ఇటూ 0.7 మైక్రాన్లు, వ్యాసం 0.7 మారితే గాడిలో కేంద్రం ఎత్తు 0.6 మారుతుంది. కోర్ కూడా క్లాడింగ్ మధ్య నుంచి 0.5 మైక్రాన్ల దాకా పక్కకి ఉండొచ్చు. మీరు ఒకే ఫైబర్‌ని మధ్యలో కోసి ఆ రెండు ముక్కల్నీ అదే తిరుగుడులో గాడిలో పెడితే ఈ రెండు తేడాలూ చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కోసే ముందు కోటింగ్ మీద పొడుగునా పెన్నుతో ఒక గీత గీయండి, తిరుగుడు తప్పకుండా ఉంటుంది. గాడిలో జిగురు పొర ఎలాగూ సన్నగా, రెండు గోడలకీ సమానంగా ఉంటుంది కాబట్టి ముడుచుకునే సమస్య కూడా తగ్గుతుంది.

పీజో స్టేజి ఎప్పుడు కావాలి అంటే, లెన్స్డ్ ఫైబర్‌ని (కొసని లెన్స్‌లా చేసినది) చిప్ మీది వేవ్‌గైడ్‌కి, అంటే వెలుగు నడిచే సన్నటి దారికి గానీ, లేజర్ డయోడ్‌కి గానీ కలిపేటప్పుడు. అక్కడ వెలుగు మచ్చ వ్యాసం 2.5 మైక్రాన్లే ఉంటుంది, 0.6 మైక్రాన్లు జరిగితే 1 డీబీ పోతుంది, 0.2కే 0.1 డీబీ. చేతి స్క్రూతో అది పట్టలేం. అప్పుడు కూడా పొజిషన్ సెన్సార్ ఉన్న క్లోజ్డ్ లూప్ పీజో తీసుకోండి. సెన్సార్ లేని పీజోకి 10, 15 శాతం హిస్టెరిసిస్ ఉంటుంది, అంటే అదే వోల్టేజికి వెళ్లేటప్పుడు ఒకచోట, వచ్చేటప్పుడు ఇంకోచోట ఆగుతుంది, వోల్టేజి ఆపినా కాసేపు పాకుతూనే ఉంటుంది, మీరు ఇప్పుడు పడుతున్న జారుడు బాధే కొత్త రూపంలో వస్తుంది.

ముందుగా Z పరీక్ష చేయండి, అట్టపెట్టె కప్పి, కోటింగ్ మీది క్లాంప్ తీసేసి గాజు మీద పెట్టి, అరగంట రీడింగ్ రాయండి. తర్వాత ఒక చుక్క జెల్ పెట్టి మళ్లీ అరగంట. జెల్‌తో 0.3, 0.35 దగ్గర కూర్చుని కదలకపోతే మీ స్టేజికి ఏ లోపమూ లేదు, నేరుగా జిగురు పని మీద పడొచ్చు. జెల్ పెట్టాక కూడా జారుతుంటే ఆ రెండు గ్రాఫులూ, క్లాంప్ ఫొటో ఒకటి పైనుంచి, ఒకటి పక్కనుంచి పెట్టండి, ఎక్కడ కదులుతోందో చూద్దాం.